డిక్కీలో మొలిచిన కందులు

అమ్మేవాడు అబద్ధం ఆడితే నాకు అంత కోపం రాదు. అది అతని బతుకుదెరువు అనుకుని ఊరుకుంటాను. పక్కనున్న మనవాళ్లు ఆ అబద్ధానికి తలూపితేనే ఒళ్లు మండుతుంది. నా మొదటి కారు కొన్న రోజు జరిగింది అదే. ఇప్పుడు తలుచుకున్నా పళ్లు నూరుకుంటాను.

నేను తాండూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. ఇల్లు వికారాబాద్‌లో. పొద్దున ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాలి. బస్సు దొరికితే సీటు దొరకదు, తొందరున్న రోజే రైలు లేటవుతుంది. ఆలస్యంగా పోతే మా పెద్ద డాక్టర్ గారు పల్లెత్తు మాట అనరు, గోడ గడియారం వంక చూస్తారు. దాని కంటే నాలుగు తిట్టడమే నయం. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, నా పాటికి నేను పోయి నా పాటికి నేను రావాలని కారు కొనాలనుకున్నాను. డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నాను, లైసెన్సూ వచ్చింది. నిజం చెప్పాలంటే, నేర్చుకున్నన్నాళ్లూ పక్క సీట్లో మాస్టారు ఉండేవాడు, ఆయన కాలి కింద ఇంకో బ్రేకు ఉండేది. ఆ బ్రేకు లేని బండిని నేను ఒక్కసారి కూడా నడపలేదు.

మా ఆయనకు బైకు తప్ప మరొకటి రాదు. మా ఇంట్లో కార్ల సంగతి తెలిసిన మనిషి అంటే మా మరిది. ఎలా తెలుసో నన్నడగొద్దు. అతనికి కారు లేదు, ఎన్నడూ లేదు. స్నేహితుల కార్లు నడిపి నడిపి అందులో పండితుడయ్యాడు. చుట్టాల్లో ఎవరు బండి కొన్నా ముందు నడిచేది అతనే. నేను కారు మాట ఎత్తగానే మా ఆయన "తమ్ముణ్ని తీస్కపోదాం" అన్నాడు. ఆ ముక్కతో నా కారు సగం చెయ్యి జారిపోయిందని అప్పుడు నాకు తట్టలేదు.

తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్లు దాటాక రోడ్డు పక్కన ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల షెడ్డు ఉంది. అక్కడికే పోయాం. మరిది ఒక తెల్ల కారు ముందు ఆగాడు. బానెట్ ఎత్తి చూశాడు. టైర్లను బూటుతో తన్నాడు. యాక్సిలరేటర్ తొక్కి, కళ్లు మూసుకుని ఇంజిన్ చప్పుడు విన్నాడు. రోగుల గుండె చప్పుడు వినే డాక్టర్లను రోజూ చూసేదాన్ని నేను, వాళ్లు కూడా అంతసేపు కళ్లు మూసుకోరు.

"సింగిల్ ఓనర్ అన్నా," అన్నాడు షెడ్డు యజమాని. "డాక్టర్ సార్ కారు. ఇంటికెళ్లి క్లినిక్కు, క్లినిక్‌కెళ్లి ఇంటికి. గంతే తిరిగింది."

"ఏ డాక్టర్?" అని అడిగాను. తాండూరులో నాకు తెలియని డాక్టర్లు తక్కువ.

అడిగింది నేనైతే అతను మరిది వైపు తిరిగి జవాబు చెప్పాడు. "పెద్ద సారే అన్నా. పేరు చెప్పొద్దన్నడు. కాయితాలు ఆయన బామ్మర్ది పేరు మీదున్నయ్."

డిక్కీ తెరిచాడు. లోపలి నుంచి మొహం మీదికి ఒక వాసన కొట్టింది. సెంటు వాసన, దాని కింద ఇంకో వాసన. నాది మోమిన్‌పేట్ దగ్గర పల్లె. మా అమ్మానాన్నా కూలికి పోయారు, కౌలుకు కందులు వేశారు. వానకు తడిసిన గోనె సంచి వాసన నాకు ఒకరు చెప్పాలా?

"దీంట్ల కంది బస్తాలు ఏసిండ్రు. తడిసినయ్ గూడ," అన్నాను.

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. "వదినా, డాక్టర్ కంది బస్తాలు మోస్తడా? నువ్వు జర ఊకో," అన్నాడు మరిది. "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, ఏసీ ఏస్తే పోతది," అన్నాడు షెడ్డు యజమాని. మా ఆయన నా భుజం తట్టాడు. మందు చేదుగా ఉందని మొరాయించే పిల్లను తట్టినట్టు తట్టాడు. ఆ తట్టడం మీద ఉన్న కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. నా జీతంతో కొంటున్న కారు గురించి, నా ముక్కుకు తెలిసిన మాట నేను చెబితే, అక్కడ ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

కారు కొన్నారు. కొన్నాం అనాలి, కానీ నోరు రావడం లేదు. తాళం ఇచ్చేటప్పుడు ఫోటో తీస్తారట అక్కడ, అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి ఒకటి ఉంది. దాన్ని మా ఆయన ఒక పక్క, మరిది ఒక పక్క పట్టుకున్నారు. నా చేతికి మిఠాయి డబ్బా ఇచ్చి "మేడమ్, మీరు జర పక్కకు" అన్నాడు ఫోటో తీసేవాడు. ఆదివారం చర్చి ముందర మా పాస్టర్ గారు కారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ బండి నడిపే నీ సేవకుణ్ని కాపాడు" అంటూ రెండో చెయ్యి మరిది తల మీద పెట్టారు. నేను పక్కన కళ్లు మూసుకుని నిలబడి ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ ఎలా అన్నానో ఆ ప్రభువుకే తెలుసు.

ఆ తర్వాత తాళంచెవి మరిది జేబులోకి పోయింది. అడిగితే "జర చెయ్యి తిరగనీ వదినా, అప్పుడు ఇస్త" అనేవాడు. తాళం అతని జేబులో ఉంటే నా చెయ్యి ఎలా తిరుగుతుంది? రెండో తాళం లేదు, అది కూడా ఆ డాక్టర్ గారి దగ్గరే పోయిందట. కారు పెళ్లిళ్లకు పోయింది, నిశ్చితార్థాలకు పోయింది, అతని స్నేహితులతో అనంతగిరికి షికారు పోయింది. నేను మాత్రం మళ్లీ అదే బస్సులో, అదే కమ్మీ పట్టుకుని డ్యూటీకి పోయాను. మా ఆయనతో గొడవ పెట్టుకుంటే "వాడు కొన్నిచ్చిండు గద, నాల్గు రోజులు తోలుకోనీ" అన్నాడు. కొనిచ్చింది వాడట. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, అది ఎవరూ గమనించలేదు కూడా.

అంతలో ముసురు పట్టింది. కారు వాకిట్లోనే నానింది, వాన కదా అని మరిది కూడా దాని ముఖం చూడలేదు. తెరిపిచ్చిన పొద్దున నాకు సెలవు. మధ్యాహ్నం ఎవరిదో నిశ్చితార్థం ఉందని, కడిగి పెట్టమని మరిది ముందురోజే తాళం మా ఫ్రిజ్ మీద పెట్టి పోయాడు. నడపడానికి పనికిరాని నా చెయ్యి కడగడానికి పనికొచ్చింది. సరే, బకెట్ తీసుకుని పోయాను. డిక్కీ తెరిచి, తడిసిన పట్టాను ఎత్తాను.

కింద కందులు మొలిచి ఉన్నాయి.

ఒకటీ రెండూ కాదు. స్టెప్నీ టైరు చుట్టూ, ఆ గుంటలో నిలిచిన నీళ్లలో, వెలుతురు లేక పాలిపోయిన కాడలు వేలెడు పొడుగు సాగి ఉన్నాయి. కొన్నింటికి సన్నటి ఆకులు కూడా వచ్చాయి. నేను చూసి నవ్వలేదు. నా చెవుల్లో ఆ ముగ్గురి నవ్వు మళ్లీ వినబడింది. చేతిలో ఉన్న మగ్గు నేలకేసి కొట్టాను.

మా ఆయనను పిలిచి చూపించాను. చూశాడు. ఒక మొక్క పీకి, "పప్పుకొస్తయా?" అన్నాడు. మరిదికి ఫోన్ చేస్తే, "పీకేసి డిక్కీ తెరిచి ఎండల పెట్టు వదినా, మజ్జానంకల్లా ఆరాలె" అన్నాడు. నువ్వు చెప్పింది నిజమేనన్న మాట ఇద్దరిలో ఒక్కడి నోటి నుంచీ రాలేదు. నిజమని తేలినా వాళ్లకు ఏమీ తేడా పడలేదు.

"నేను తాండూరు పోయి ఆ షెడ్డాయనను అడుగుత," అన్నాను.

"పో. బస్టాండ్ల దింపనా?" అన్నాడు మా ఆయన, బైకు తీస్తూ.

"వద్దు," అన్నాను. అతను ఆఫీసుకు పోయాడు. నేను చీర మార్చుకుని, ఫ్రిజ్ మీది తాళం తీసుకుని, డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. సీటు మరిది కాళ్లకు సరిపోయేట్టు వెనక్కి ఉంది. ముందుకు జరుపుకున్నాను.

భయం వేయలేదని చెప్పను. మా గల్లీ దాటకముందే బండి రెండుసార్లు ఆగిపోయింది. మెయిన్ రోడ్డు ఎక్కాక గేరు పడనంటే దాన్నీ తిట్టాను. పక్కన మాస్టారు లేడు, ఆయన బ్రేకు లేదు. అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఎదురుగా బండల లారీ వచ్చింది, నిలువుగా పేర్చిన బండలతో అది మెల్లగా మలుపు తిరుగుతుంటే నేను మొత్తానికే ఆగిపోయాను. వెనక నుంచి హారన్లు. ఒక బస్సు డ్రైవర్ పక్కకొచ్చి కిటికీలోంచి ఏదో అన్నాడు. నేనూ అన్నాను, ఇక్కడ రాయలేను. మళ్లీ స్టార్ట్ చేసి, మొదటి గేరు వేసి, పోనిచ్చాను. ధారూర్ దాటేసరికి చేతులు స్టీరింగ్ మీద కొంచెం వదులయ్యాయి. మనసు మాత్రం కుతకుత ఉడుకుతూనే ఉంది.

షెడ్డు ముందు బండి ఆపాను. యజమాని అప్పుడే వచ్చిన మొగుడూపెళ్లాలకు ఒక ఎర్ర కారు చూపిస్తున్నాడు. నేను దగ్గరికి పోయేసరికి "డాక్టర్ సార్ కారు" అంటున్నాడు.

"అన్నా, మీరు ముందుగల్ల దాని డిక్కీ తెరిచి చూడుండ్రి," అన్నాను ఆ వచ్చిన మనిషితో, షెడ్డంతా వినబడేట్టు. "నాకు అమ్మిన డాక్టర్ కార్ల కంది చేను మొలిచింది. వచ్చి చూడుండ్రి."

వాళ్లు నిజంగానే వచ్చి చూశారు. ఆమె ముక్కు మూసుకుంది. యజమాని మొహం మాడిపోయింది.

"మేడమ్, జర మెల్లగ. లోపల కూసొని మాట్లాడుదాం."

"కూసోను. ఎవరి కారిది?"

నసిగాడు, గొణిగాడు, చివరికి చెప్పాడు. కందుల వ్యాపారిదట, మార్కెట్‌కు శాంపిల్ సంచులు మోసేదట. డిక్కీ మూత చుట్టూ ఉండే రబ్బరు పోయి, వాన నీళ్లు లోపలికి దిగుతాయని ఈ షెడ్డాయనకు ముందే తెలుసు. కానీ అంతటితో ఊరుకుంటే అతను అమ్మేవాడెలా అవుతాడు?

"మేడమ్, ఒక్క మాట. వికారాబాద్ నుంచి మీరే తోలుకొచ్చిండ్రు గద? మీ అసొంటి కొత్తోళ్లు గా ఘాట్ దాటి తెచ్చిండ్రంటే, బండి ఎంత మంచిగుందో మీరే చూడుండ్రి."

అంత దూరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేను నడిపితే, ఆ గొప్ప కూడా కారుకే పోయింది. డిక్కీ వైపు చెయ్యి చూపించాను. "మొక్కలు పీకు," అన్నాను. "మెకానిక్‌ను పిల్వకు. నువ్వే పీకు. కొత్త రబ్బరు ఏసేదాక నేను ఈడికెళ్లి కదలను."

పీకాడు. తెల్ల చొక్కా చేతులు మడిచి, డిక్కీలో తల దూర్చి, ఒక్కో మొక్కా పీకాడు. ఎర్ర కారు చూడవచ్చిన ఇద్దరూ ఆటో ఎక్కి పోయారు.

రబ్బరు బిగిస్తుండగా ఫోన్ మోగింది. మా ఆయన. గొంతులో గాభరా.

"ఏయ్, కారు పోయిందే! అన్నానికని ఇంటికొచ్చిన, వాకిట్ల కారు లేదు. ఫ్రిజ్ మీద తాళం సుత లేదు. ఎవడో ఇంట్లకొచ్చి మరీ ఎత్తుకపోయిండు. నేను, తమ్ముడు పోలీస్ స్టేషన్‌కు పోతున్నం. పొద్దున నువ్వు బయలెల్లినప్పుడు కారు ఉండెనా?"

"ఉండె," అన్నాను. "నేను అందులనే వచ్చిన."

అవతల మరిది ఏమైందని అడగడం, మా ఆయన అతనికి ఏదో చెప్పడం వినబడింది. తర్వాత మళ్లీ నాతో అన్నాడు, గొంతు తగ్గించి, నిజంగా తెలియక అడుగుతున్నట్టు:

"మరి ఎవరు తోలిండ్రు?"

"దొంగే తోలింది," అన్నాను. "పోయి కంప్లైంట్ రాసియ్యుండ్రి."

ఫోన్ పెట్టేశాను.