బోణీ చీటీ మీద సున్నా

కరెంటు పోయి వచ్చాక తాండూరులో మనోరమ చూసుకునే మిల్లు కాంటా మీదికి ఎక్కిన మొదటి లారీకి చీటీ మీద బరువు సున్నా పడింది. లారీ నిండా దౌల్తాబాద్ కందులు.

"అమ్మా, సంచుల్ల గాలి నింపుకొచ్చినమా మేం?" అన్నాడు హమాలీల మేస్త్రీ భీమప్ప, చీటీని వెలుతురుకు పట్టి చూస్తూ. "గింత అల్కగ ఉంటదని తెలిస్తే నేనొక్కన్నే దించేటోన్ని."

మనోరమ భర్త, పప్పు మిల్లు యజమాని కైలాసం నవ్వలేదు. ఆ మిల్లులో రోజు మొదటి చీటీని చింపరు. కుంకుమ పెట్టి దేవుడి పటం కింద మేకుకు గుచ్చుతారు. సున్నా అయినా బోణీ బోణీయే.

"నీ కంప్యూటర్ బంద్ చెయ్యే. పాత రాళ్ల కాంటా తెస్త" అంటూనే ఆ సున్నాకు కుంకుమ పెట్టి గుచ్చాడు. రెండో చీటీ సరిగానే వచ్చింది. కానీ అప్పటికే వెనక ఉన్న ట్రాక్టరు రైతు బండి తిప్పి పక్క కాంటాకు పోయాడు.

తప్పు కాంటాది కాదు. కంప్యూటర్ లేచేటప్పుడు బరువు చదివే ప్రోగ్రాం ముందు లేవాలి, చీటీ కొట్టేది తర్వాత లేవాలి. ఇప్పుడున్న ప్రారంభ పద్ధతి వాటిని వరుసగా లేపుతుంది గానీ, ముందుది పనికి సిద్ధమైందా అని అడగదు. అందుకే మనోరమ మధ్యలో ఇరవై సెకన్లు ఆగమని, వాటిని లేపే ఆదేశాల ఫైలులో, అంటే స్క్రిప్టులో, రాసింది. ఆ పొద్దున బరువు పంపే కాంటా పెట్టె సిద్ధం కావడానికి ఇరవై సెకన్లు చాలలేదు.

ఆ స్క్రిప్టులన్నీ ఆమె రాసినవే. ఆ కంప్యూటర్‌ను నడిపే 'మోట' ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. వికారాబాద్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రాఘవేంద్ర, ఆమె కలిసి మొదలుపెట్టారు. ఇప్పుడది చాలా కాంటాల్లో, బండల యార్డుల్లో, కొన్ని బడుల్లో నడుస్తోంది. ప్రారంభ పద్ధతి మార్చాలన్న ప్రతిపాదన కూడా రాఘవేంద్రదే.

కొత్త పద్ధతిలో ముందుది సిద్ధమని చెప్పాకే తర్వాతది లేస్తుంది. కాకపోతే అది అన్నిటినీ తన చేతిలోకి తీసుకునే పెద్ద ప్రోగ్రాం. చెడితే, పాత స్క్రిప్టులా చదివి బాగుచేసుకోవడం కష్టం. వాదించదగిన విషయం ఇంతే. ఒక పూటలో తేలాల్సింది.

ఏడు నెలలు సాగింది. మోటను చూసుకునే గ్రూపు మెయిళ్లలో రాఘవేంద్రను ఏదో కంపెనీకి అమ్ముడుపోయాడన్నారు. అతని కూతురి పుట్టినరోజు ఫొటో కింద "అమ్ముడుపోయినోని బిడ్డ" అని రాశారు. అలా రాసినవాళ్లు మనోరమ స్క్రిప్టులను కాపాడుతున్నామని చెప్పుకునేవాళ్లే. అవతలివాళ్లు ఆమెను పప్పుల దుకాణం ఇంజినీరన్నారు. రెండు వైపులా గొంతు చించుకున్నవాళ్లలో చాలామంది ఏ పద్ధతితోనూ ఒక్క యంత్రం నడపలేదు.

మనోరమ ఒక్కసారే రాసింది. మారిస్తే తన స్క్రిప్టులు తానే తీసేస్తుంది. మార్చకపోతే వాటిని చూసుకోవడానికి ఇద్దరిని ఇవ్వాలి. ఏదైనా కందుల సీజన్‌లోపు తేల్చాలి, ఎందుకంటే అప్పుడు లారీలు వరుసకడతాయి, ఒక్క సున్నా చీటీ పడితే రైతు మళ్లీ ఆ కాంటా ఎక్కడు. తన యంత్రాలకు మాత్రం వేరే పద్ధతి పెట్టుకుంటే గ్రూపు పంపే ప్రతి అప్‌డేటూ దాన్ని చెరిపేస్తుంది.

వచ్చిన జవాబు ఒక్కటే: "మీరు ఎటు దిక్కు?"

ఆదివారం వికారాబాద్‌లో గ్రూపు ఓటింగు. ఆమె రైల్లో వెళ్లింది. హాలు మెట్ల మీద రాఘవేంద్ర ఎదురొచ్చాడు.

"అక్కా, నువ్వు ఎటు ఏస్తున్నవ్?"

"కొత్తదానికే. నా స్క్రిప్టులు నేనే పాతిపెడ్త."

"మీవోళ్లు నన్ను ఇడ్సిపెడ్తరా మల్ల?"

"మావోళ్లెవర్రా? ఒక్కడన్న వచ్చి నా కాంటా దుమ్ము దులిపిండా?"

ఓటు చీటీ మీద మూడు గడులు: కొత్తది, పాతది, ఇంకా చర్చిద్దాం. మూడోది తాండూరు వర్తకుల సంఘం పద్ధతి. అక్కడ నలుగురిలో ఎవరినీ ఓడించరు. మళ్లీ కూర్చుందామని లేస్తారు, ఆ సాయంత్రమే పెద్దలు లోపలి గదిలో చాయ్ తాగుతూ తేల్చేస్తారు. మనోరమ, రాఘవేంద్ర ఇద్దరూ వర్తకుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. గ్రూపు నియమాలు రాసుకున్నప్పుడు ఆ మాట తెచ్చి పెట్టారు. లోపలి గదిని, పెద్దలను మాత్రం తేలేదు.

కొత్తదానికి ముప్పై ఒకటి. పాతదానికి ఇరవై ఎనిమిది. ఇంకా చర్చిద్దాం, అరవై నాలుగు.

హాలంతా చప్పట్లు. ఏడు నెలలు ఒకరి ఇంటి ఆడపిల్లలను ఇంకొకరు తిట్టుకున్నవాళ్లు సమోసాల దగ్గర భుజాలు తట్టుకున్నారు. ఎవరూ ఓడలేదని వేదిక మీద ఎవరో మైకులో మురిసిపోయారు.

"మల్ల కూసుందమంటున్నరక్కా" అన్నాడు రాఘవేంద్ర, తలెత్తకుండా.

"కూసోండ్రి. నాకు లారీలున్నయ్."

ఆమె సమోసా ముట్టకుండా స్టేషనుకు నడిచింది.

మర్నాడు లారీ గేటు దగ్గర ఆగింది. భీమప్ప కిటికీలోంచి తొంగి చూశాడు. "అమ్మా, ఇయ్యాల బరువుంటదా, మల్ల గాలేనా?"

"జర ఆగు" అంది మనోరమ. స్క్రిప్టు తెరిచి, ఇరవై కొట్టేసి, నలభై అని రాసింది.