పునుగు పిల్లికి విడుదల ఉత్తర్వు

చేపగా, తాబేలుగా, వరాహంగా దిగివచ్చి, సింహం ముఖం ధరించడానికి కూడా సంకోచించని నరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఆయన ఏ జంతువునూ తక్కువగా చూడలేదు. చూసింది మనమే.

1975. నేను చోడవరంలో ఫారెస్టరుని. గార్డులకు పైన, రేంజ్ ఆఫీసరుకు కింద, కాళ్ళరిగేలా అడవి తిరిగే ఉద్యోగం. వన్యప్రాణుల చట్టం అప్పటికి కొత్త. కాపాడవలసిన జంతువుల జాబితా ఆఫీసు గోడకు అంటించాం. శనివారం సాయంత్రాలు ఊళ్ళోని నరసింహస్వామి మందిరంలో భాగవత పఠనం, భజన. తాళాలు వేసేది నేనే.

మందిరం పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు జగన్నాథంగారికి స్వామికి పునుగు సమర్పించాలని కోరిక. పునుగు పిల్లి ఒంట్లో ఊరే సుగంధం అది. బోనులో గంధపు కర్ర నాటితే పిల్లి దానికి ఒళ్ళు రుద్దుకుంటుంది. అంటుకున్నదాన్ని గీకి తీస్తారు. కె.కోటపాడు నుంచి చెరకు కొట్టడానికి వచ్చే సింహాచలానికి చెప్పి, మాడుగుల వైపు కొండ అడుగున రిజర్వు అడవిలో ఒకదాన్ని పట్టించారు. కర్ర నాటిన బోను బస్సు టాపు మీద చోడవరం వచ్చింది. సింహాచలం దాన్ని దింపుతుండగా నేనే పట్టుకున్నాను.

"ఏవయ్యా, స్వామి ముందు భజన చేసేవాడివి, స్వామి సొత్తు మీదే కేసెట్టేవా?" అన్నారు జగన్నాథంగారు.

"స్వామి ఈ సొత్తుని అడవిలోనే పెట్టుకున్నాడండి," అన్నాను.

కేసులో ఆయన పేరు రాలేదు. ఎవరు పట్టమన్నారని అడిగితే సింహాచలం తల వంచుకున్నాడు. "పెద్దోళ్ళ పేరు ఎలా సెప్తానండి బాబూ? రేపు ఈ ఊర్లోనే కదా తిరగాలి."

పట్టుబడినదాన్ని కేస్ ప్రాపర్టీ అంటాం. తీర్పు వచ్చేవరకూ అది కోర్టుది, ప్రాణమున్నా సరే. పిల్లికీ, బోనుకూ, కర్రకూ కలిపి చీటీ కట్టాం. వాయిదా మీద వాయిదా. అరటిపండ్లు, గుడ్లు పెట్టి ఎండాకాలం దాటించాను. బొచ్చు రాలిపోయింది. పగలంతా తోకలో మొహం దాచుకుని పడుకునేది. పొద్దున్నే తలుపు తీస్తే ఆఫీసంతా పునుగు వాసన. ఇది బతికి అడవికి చేరితే చాలు స్వామీ అని రోజూ మొక్కుకున్నాను.

వానలు వెనకపట్టాక తీర్పు వచ్చింది. సింహాచలానికి జరిమానా. బోను వేలం వెయ్యాలి. పిల్లిని పట్టిన చోటే వదలాలి.

చోటు చూపించడానికి సింహాచలాన్నే జీపులో ఎక్కించుకున్నాను. కొండ మలుపు తిరిగాక జీపు ఆపాను. మద్ది లేదు, తునికి లేదు, ఈత పొదలు లేవు. క్లియర్ ఫెల్లింగ్ చేసేశారు. అంటే ఉన్న అడవినంతా మొదలంటా కొట్టి, కాల్చి, ఒకే రకం నాటడం. బూడిదలో వరసగా నీలగిరి మొక్కలకు తీసిన గుంటలు. దొంగల పని కాదు, మా శాఖదే. రాష్ట్రం పథకం, ఆ పని చూసేది వేరే ఫారెస్టరు.

"ఇక్కడేనా?"

"ఆ బండ కిందే ఉండీదండి కన్నం. నాను ఒక్కదాన్ని అట్టుకుంటే ఫైనేసేరు. మీరు అడివంతా అట్టుకుపోయేరు. మీకు ఏ కోర్టండి బాబూ?"

ఉత్తర్వులో వేరే చోటు లేదు. తలుపు ఎత్తాను. పిల్లి బయటికొచ్చి బూడిదను వాసన చూసింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, మళ్ళీ బోనులో దూరి గంధపు కర్రకు మొహం ఆనించింది. సింహాచలం నవ్వబోయి ఆగిపోయాడు. చివరికి బోను వంచి, దులిపి పంపవలసి వచ్చింది. అది కిందకి, చెరకు తోటల వైపు పరుగెత్తింది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలై చెరకు కోతలు పడ్డాక, తోటలో కుక్కలు దాన్ని చంపేశాయని సింహాచలమే వచ్చి చెప్పాడు.

వేలంలో బోను, కర్ర జగన్నాథంగారే పాడుకున్నారు. ముక్కోటి నాడు కర్ర గీకి స్వామికి పునుగు సమర్పించారు. "చూసేవా, ఇప్పుడు కోర్టువారి రసీదుతో సహా వచ్చింది," అన్నారు నాతో. హారతి వేళ మందిరమంతా మా ఆఫీసు వాసన. తాళాలు పక్కవాడి చేతిలో పెట్టి, తీర్థం పుచ్చుకోకుండా బయటికొచ్చేశాను.

జంతువును జాబితాలో రాసిన ప్రభుత్వమే దాని ఇంటిని నరికెయ్యమని రాయగలదని ఆ కేసు నాకు నేర్పింది. ఆ తర్వాత ఏ ప్రాణిని విడిపించినా, అది వెళ్ళడానికి చోటుందా అని ముందు చూసేవాణ్ణి. చాలాసార్లు ఉండేది కాదు.

ఇది చదివిన మీరు ఈ పూట దీపం పెట్టేటప్పుడు, మీ కోసం ఏమీ అడక్కుండా, నాతోపాటు ఒక్కమాట అనండి: స్వామీ, వాటి చోటు వాటికి ఉండనీ.