పూజనాడు పలకని ఫంక్షన్

దెయ్యాలూ మహిమలూ నేను నమ్మను. ఇది చదివి "చూశావా, నమ్మాల్సొచ్చింది" అంటూ ఎవరూ నా దగ్గరకు రావద్దు. ఇప్పటికీ నమ్మను.

మాది జంషెడ్‌పూర్‌లో గోల్‌మురి. నాన్న ఒక కార్ఖానాలో క్రేన్‌కు బరువులు కట్టే పని చేసి రిటైరయ్యారు. నేను కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామర్‌ని. క్రేన్ ఆపరేటర్లు పంపే మెసేజ్‌లలోంచి బ్రేకు గురించి ఉన్నవాటిని ఏరే ప్రోగ్రాం రాయమన్నారు అక్కడి కార్ఖానావాళ్ళు. నచ్చితే ఉద్యోగం పక్కా అన్నారు.

ఒక్కో ఆపరేటర్ ఒక్కోలా రాస్తాడు. అందుకని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడాను, అంటే అక్షరాల వరసను గుర్తుపట్టే అచ్చు. ఆ అచ్చునే ఫంక్షన్‌గా చేశాను. మెసేజ్ ఇచ్చి పిలిస్తే అవునో కాదో చెబుతుంది. మెసేజ్‌లను జల్లెడపట్టే ఫిల్టర్‌కి దాన్ని అప్పజెబితే, ఒక్కో మెసేజ్‌కీ ఫిల్టరే దాన్ని పిలుచుకుంటుంది. ఫంక్షన్‌కి జ్ఞాపకం లేదు, అలక లేదు. అదే మెసేజ్ ఇస్తే అదే జవాబు. మా ఇంట్లో అంత నిలకడైన మనిషి ఒక్కరూ లేరు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో పనిముట్లకు సెలవు. నాన్న తన పాత స్పానర్ పక్కన నా ల్యాప్‌టాప్ పెట్టి కుంకుమ బొట్టు పెట్టారు. మర్నాడే నేను ప్రోగ్రాం చూపించాలి. వెళ్ళి ల్యాప్‌టాప్ తీసేసుకున్నాను.

"ఒక్కరోజు వదిలేత్తే ఏటైపోద్ది, అమ్మీ?" అన్నారు.

మెషీన్‌కేం తెలుసు పూజ సంగతి అని హిందీలో ఎదురు చెప్పి ప్రోగ్రాం నడిపాను. ఫిల్టర్ ఖాళీగా వచ్చింది. ముందురోజు ఇవే మెసేజ్‌లలోంచి అన్నీ పట్టింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు. ఒక మెసేజ్ తీసి ఫంక్షన్‌ని నేరుగా పిలిచాను. కాదంది. బ్రేకు అన్న మాట నా కళ్ళెదుటే ఉంది. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను. కాదంది. మిగతా ఫంక్షన్లన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి.

ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసింది, దాచడమెందుకు. పొద్దుగూకేదాకా దాన్ని అడుగుతూనే కూర్చున్నాను కానీ, తిరిగి పూజలో మాత్రం పెట్టలేదు.

మర్నాడు ఏమీ మార్చకుండా నడిపితే అన్నీ పట్టింది.

ఆఫీసులో చూపించాను. అందరికీ నచ్చింది. చివర్లో సేఫ్టీ ఆఫీసర్ "ఇది ఎప్పుడూ తప్పు చెప్పదు కదా?" అన్నారు. తల ఊపితే ఉద్యోగం నాది. "నిన్న తప్పు చెప్పింది. ఎందుకో తెలియదు" అన్నాను. పని వేరేవాళ్ళకు పోయింది.

ఇంటికొచ్చి చెబితే నాన్న పూజ ఊసే ఎత్తలేదు. "క్రేన్ కింద మనుసులుంతారు గదమ్మీ. చెప్పీసినావు, మంచిదే" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

కారణం ఇప్పటికీ దొరకలేదు. పని తెలిసినవాళ్ళకు కోడ్ చూపిస్తే తప్పేమీ లేదన్నారు. వచ్చే పూజకు నాన్న ల్యాప్‌టాప్‌కు బొట్టు పెడితే పెట్టనీ, తుడవను. అదే కోడ్, అదే మెసేజ్‌లు, ఆ రోజే నడుపుతాను. కాదంటే మళ్ళీ అడుగుతాను.