జలగలకు పోసిన ఉప్పు

ఆ అడవిలో జలగలు ఒక్కొక్కటి బెండకాయంత ఉండేవంటే మీరు నమ్మరు. సరే, చిక్కుడుకాయంత అనుకోండి. అంతకన్నా తగ్గించడం నా వల్ల కాదు. నెత్తురిచ్చుకున్నవాణ్ణి నేను.

బెంగళూరు నుంచి నలుగురం బయలుదేరాం, సంచులు వీపున వేసుకుని పడమటి కనుమల్లో ఒక వర్షారణ్యాన్ని నడిచి దాటాలని. కె.ఆర్.పురం మిత్రుడు మా నాయకుడు, ఫోన్లో మ్యాపు చూడడం వచ్చు కాబట్టి. హొసకోటె మిత్రుడు వంటవాడు. రాగిపిండి, పప్పు, గిన్నెలు మోస్తూ పెళ్లి సామాను బండిలా గలగలమంటూ నడిచాడు. మూడోవాడు బళేపేటలో నట్లూ బోల్టులూ అమ్ముతాడు. అతను రానని మొండికేశాడు.

కారణం ఉప్పు. ఏడాది కిందట బీపీ పట్టుకుంటే డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. అప్పటినుంచి పెళ్లికి పోయినా, మా ఇంటికొచ్చినా చేతిలో చిన్న స్టీలు డబ్బా. మాతో కలిసి కూర్చోడు. ఓ మూలకు పోయి, గోడవైపు తిరిగి, మందు మింగినట్టు తినేసి వస్తాడు. వీధి చివరి దాకా వినపడే గొంతుతో వడ్డించేవాళ్లను హడలగొట్టిన మనిషి! మెల్లగా పిలుపులకు రావడమే మానేశాడు. ఈసారీ రాకపోతే ఇక మాకు దక్కడని నాకు భయం పట్టుకుంది. అంగడికి పోయి బోల్టుల డబ్బాల మధ్య నిలబడ్డాను.

"మీరు సంగటి తింటా ఉంటే నేను డబ్బా పట్టుకోని చెట్టు చాటున కూర్చోవల్లనా? నాకొద్దప్పా."

"చాటుకు పోతే పులి పడతాదని భయమా? నోట్లో పెట్టుకోని, చప్పగా ఉండాదని ఊసేస్తాదిలే. రా."

నవ్వు ఆపుకోవాలని చూశాడు. కుదరలేదు. డబ్బాతో సహా వచ్చాడు.

వాన అక్కడ వచ్చి పోయేది కాదు, కాపురముండేది. కురవడం ఆగాక కూడా ఆకులనుంచి ఆకులకు దిగుతూనే ఉంది. ఎండ కిందిదాకా చేరేసరికి పచ్చబడిపోయి, మా ముఖాలు నాచు పట్టిన విగ్రహాల్లా కనిపించాయి. ఎక్కడో ఒక పక్షి ఒకే ముక్క ఈల వేసి, మేం మెచ్చుకుంటామేమో అని ఆగేది. మాకు ఆయాసమే తప్ప మాట రాలేదు.

జలగలకు మందు ఉప్పని వంటవాడు ఉప్పు పొట్లం నాయకుడి చేతికిచ్చాడు. చిటికెడు చాలన్నాడు. మొదటి జలగ కనబడగానే చిటికెలు దోసిళ్లయ్యాయి. నేను బూట్లలో పోసుకున్నాను. నాయకుడు నెత్తిమీద చల్లుకున్నాడు, అవి కొమ్మలమీద నుంచి దూకుతాయని ఎవరో చెప్పారట. వంటవాడైతే కూర్చున్న ప్రతిచోటా తన చుట్టూ ఉప్పుతో ముగ్గు వేసుకున్నాడు.

బళేపేట మిత్రుడొక్కడే గోటితో జలగల్ని మీటేసుకుంటూ నడిచాడు. ఉప్పు అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బేడప్పా. డాక్టరు వద్దన్నాడు."

సాయంత్రానికి అడవి దాటి, ఒక కాఫీ తోట అంచున ముందే అడిగిపెట్టుకున్న షెడ్డుకు చేరాం. పప్పు ఉడికింది. సంగటి గెలికాం. వంటవాడు చెయ్యి చాపాడు.

"ఉప్పు ఇయ్యప్పా."

నాయకుడు తడిసిన పొట్లాన్ని తిరగేసి దులిపాడు. ఏమీ రాలలేదు. ముగ్గురం మా కాళ్లవైపు చూసుకున్నాం. అంగడి ఉన్నది అడవికి అవతల, పొద్దున బస్సు దిగిన ఊళ్లో. ఊరగాయ తేవద్దని మేమే తీర్మానించాం, పోయినసారి సీసా పగిలి నా దుప్పటి ఆరు నెలలు ఆవకాయలా ఘాటెక్కినందుకు.

తలో ముద్ద నోట్లో పెట్టుకున్నాం. గోడను నాకినట్టుంది. ప్లేట్లు కింద పెట్టేశాం.

అప్పటికే డబ్బా పట్టుకుని షెడ్డు చివరికి పోతున్న బళేపేట మిత్రుడు, ఆ చప్పుడుకి వెనక్కి తిరిగాడు. మా మొహాలు చూశాడు. వచ్చి పప్పులో వేలు ముంచి నాకాడు. అంతే, ఏడాదిగా వినని గొంతు కొండకు తగిలి తిరిగొచ్చింది.

"థూ! ఇదేమి వంటప్పా? ఇట్లయితే గొంతు యాడ దిగుతాది? జరుగు పక్కకి!"

సంచిలోంచి నిమ్మకాయలు, మిరియాలు, వెల్లుల్లి తీశాడు. వెల్లుల్లి ఎర్రగా వేయించి పప్పులో తిరగమాత పెట్టాడు, మిరియాలు దంచి వేశాడు, పైన నిమ్మరసం పిండాడు.

"సమ్మచ్చరం నించి ఇదే కదప్పా నా చదువు," అన్నాడు గరిటె తిప్పుతూ.

ఆ పప్పు అమృతమని రాయాలని చెయ్యి దురద పెడుతోంది. కానీ ఈ ఒక్కటీ పెంచకుండా చెప్తాను. చప్పగానే ఉంది. బాగుంది.

అతను తన డబ్బాలోని పల్లీల పొడి కూడా తెచ్చి మా ప్లేట్లలో పంచేసి, ఖాళీ డబ్బా పక్కన పెట్టి, మా మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నాయకుడు కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"నా నెత్తిమీద ఇంకా కొంచెం ఉండాది. దులిపేదా?"

"సుమ్నే, గమ్మున తినప్పా," అని గదిమి, బళేపేట మిత్రుడు అతని ప్లేట్లో ఇంకో ముద్ద వేశాడు.