సంతకం మీద సిరా

మా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పెనుకొండలో, మా అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతున్నాను. ధర్మవరం నుంచి వాళ్లమ్మాయి చేసింది. పొద్దున టిఫిన్ తిని, పేపరు చదువుతూ అలాగే కుర్చీలో ఒరిగిపోయారట. నిజం చెప్పాలంటే నాకు మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏ కాగితమైనా సీలు పడేదాకా వదలని మనిషి ఇట్లా చెప్పాపెట్టకుండా పోతే కోపం రాదా? ఏడుపు ఆ తర్వాత ధర్మవరం బస్సులో వచ్చింది.

సారు హిందూపురంలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవారు. నాలాగా ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లకు ఆ కాలేజీయే స్టడీ సెంటరు, అదే పరీక్షా కేంద్రం. ఆదివారం క్లాసులు ఆయనవే. పరీక్షల రోజుల్లో కూడా ఏదో ఒక డ్యూటీ మీద చేతిలో కట్టలు పట్టుకొని వరండాలో తిరుగుతూ కనిపించేవారు. నేను ఆఖరి పరీక్షలు రాసిన ఏడాదే రిటైరై, సొంతూరు ధర్మవరం వెళ్లిపోయారు.

ఆ ఆఖరి పరీక్షల ఫలితాల్లో నాకు అన్ని పేపర్లూ పాసు, ఒక్కదాని ఎదురుగా మాత్రం 'గైర్హాజరు'. మూడు గంటలు నడుము నొప్పి పుట్టేలా కూర్చొని, అదనపు కాగితాలు అడిగి మరీ రాసిన పేపరది. డిగ్రీ చేతికొస్తేనే నేను సూపర్‌వైజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టగలను. యూనివర్సిటీకి పోతే ఒక కిటికీ ఇంకో కిటికీని చూపించింది, ఆ కిటికీ భోజనానికి పోయింది. ఎవరో చెబితే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. 'పరీక్ష రాసిన నాకు గైర్హాజరు ఎందుకు వేశారు?' అని ఒకటే ప్రశ్న. చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు. సరిగ్గా ముప్పయ్యో రోజున జవాబు రాశారు. 'ఎందుకు అన్న ప్రశ్న సమాచారం కిందికి రాదు' అని.

ఆ కాగితం పట్టుకొని ధర్మవరం పోయాను. సారు చదివి, కళ్లద్దాలు తీసి, పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకని అడిగితే వాళ్లకు పండగ కదమ్మా! ఎందుకనేది యాడన్నా బీరువాలో ఉంటాదా? బీరువాలో ఉండేది కాగితం. కాగితం అడగల్ల. ఏ తేదీ, ఏ గది, ఏ షీటు."

అక్కడ మొదలైంది నా రెండో చదువు. సారు అర్జీ పెన్సిలుతో రాయించేవారు, నేను రాసినదాంట్లో సగం రబ్బరుతో తుడిచేవారు. 'మనోవేదనకు గురై' అని రాస్తే తుడిచారు. 'దయచేసి' అని రాస్తే అదీ తుడిచారు. "హక్కు కింద అడిగేటప్పుడు దండాలు పెట్టగూడదు" అన్నారు. ఒక్క పేజీ అర్జీని నాలుగుసార్లు రాయించారు. మధ్యలో అమ్మ, అంటే సారు భార్య, కాఫీ ఇస్తూ "పాప బస్సు పోతాదండీ" అంటే, "బస్సు పోతే ఇంకోటి వస్తాది. తేదీ తప్పుపోతే అర్జీ వాపసు వస్తాది" అన్నారు. ఇచ్చిన ప్రతి కాగితానికీ మన కాపీ మీద సీలు వేయించుకోవాలి, వచ్చిన ప్రతి కవరునూ పోస్టాఫీసు ముద్రతో సహా దాచాలి. గ్యాసు సిలిండరు వచ్చినా రసీదు మీద టైము వేయించుకునే మనిషి ఆయన. ఇంత చాదస్తాన్ని అమ్మ నలభై ఏళ్లు ఎట్లా భరించిందో నాకు అర్థం కాదు.

గైర్హాజరయ్యానో లేదో తేల్చే కాగితాలు రెండే. ఒకటి, పరీక్ష రాసినవాళ్లు గదిలో సంతకాలు పెట్టే షీటు. రెండోది, రానివాళ్ల నంబర్లు రాసి డ్యూటీలో ఉన్న అధికారి సంతకం చేసి పంపే జాబితా. ఆ రెండింటి నకళ్లు అడిగాం. యూనివర్సిటీ సమాచార అధికారి 'అవి పరీక్షల విభాగంలో ఉన్నాయి' అన్నాడు. పరీక్షల విభాగం 'హిందూపురం కేంద్రంలో ఉన్నాయి' అంది. కేంద్రంవాళ్లు 'ఏనాడో యూనివర్సిటీకి పంపేశాం' అన్నారు. మూడు కవర్లు, మూడు ముద్రలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు. ఈలోగా సూపర్‌వైజర్ పోస్టుల నోటిఫికేషన్ ఒకటి నా కళ్లముందే వచ్చి, గడువు తీరి, పోయింది.

నాకు విసుగొచ్చింది. "వద్దు సార్, ఆ పేపరు మళ్లీ రాసేస్తా" అన్నాను.

"రాయని పరీక్షయితే రాయి. రాసినదాన్ని మళ్లా రాసేదెందుకు? రాసుకో, మొదటి అప్పీలు."

సమాచార అధికారి ఇవ్వకపోతే, అదే యూనివర్సిటీలో ఆయన పై అధికారికి పెట్టుకునేది మొదటి అప్పీలు. అది పెట్టాక కాగితాలు వచ్చాయి. షీట్లో నా సంతకం నిక్షేపంగా ఉంది. జాబితాలోనూ నా నంబరు ఉంది! వచ్చినదాన్ని రానిదానిగా రాసినట్టు తేలిపోయింది. ఇక దిద్దడమే కదా అనుకుంటే, జతచేసిన ఉత్తరంలో మెలిక పెట్టారు. దిద్దాలంటే ఆ జాబితా రాసిన అధికారి తన పొరపాటని రాసివ్వాలి. ఆ అధికారి ఎవరో మాత్రం చెప్పరు. మూడో వ్యక్తి వివరమట. జాబితా అడుగున సంతకం మీద నల్ల సిరా పూసి పంపారు. అంకెల రాతను బట్టి పోల్చుకుందామన్నా నకలు మసకగా ఉంది.

సారు ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండకు ఎత్తిపట్టారు. కళ్లు చికిలించి, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఏమీ కనిపించలేదు.

"డ్యూటీలో పెట్టిన సంతకం సొంత విషయం ఎట్లయితాది? ఆయప్ప ఎవరో ముసుగు తీసి చూపీల్సిందే" అన్నారు. ఆయనకు కోపం రావడం నేను చూసింది అదే మొదటిసారి. మళ్లీ అప్పీలు. ఈసారి మేమే గెలిచాం, సిరా తీసిన కాపీ గడువులోగా ఇమ్మని ఆదేశం వచ్చింది.

సిరా తీసిన కాపీ పెనుకొండకు, నా పేరు మీద వచ్చింది. సెంటర్లో పిల్లలు పడుకున్నాక విప్పాను. అడుగున ఉన్న సంతకాన్ని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. ఆదివారం క్లాసుల హాజరు పుస్తకంలో మూడేళ్లు చూసిన సంతకం. మా సారుది.

ఆ కవరును బ్యాగులో అడుగుకు తోశాను. సారు ఫోన్ చేస్తే ఇంకా రాలేదన్నాను. మళ్లీ చేస్తే మళ్లీ అదే చెప్పాను. అరవై దాటిన మనిషి, పైగా నాకోసం ఇంత తిరిగిన మనిషి, ఆయన తప్పును ఆయనకే ఎట్లా చూపించను? గడువు దాటాక సారు పిలిపించారు. సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు రాసి సిద్ధంగా పెట్టుకున్నారు. 'నాకు ఇంతవరకు ఏ జవాబూ అందలేదు' అన్న వాక్యం కింద నేను సంతకం చేయాలి. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను. బ్యాగులోంచి కవరు తీసి బల్లమీద పెట్టాను.

సారు ముందు పోస్టాఫీసు ముద్ర చూశారు. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టారు. ఆ తర్వాతే కాగితం విప్పారు. నా నంబరు మీద వేలు పెట్టి, పక్క నంబరు మీద పెట్టి, మళ్లీ నా నంబరు మీదికి వచ్చారు.

"పక్క నంబరు రాయబోయి నీది రాసినా" అన్నారు. ఆ తర్వాత నావైపు చూసి, "అది సరే. పదైదు దినాలు కాగితం దాచిపెట్టినావు. నువ్వూ యూనివర్సిటీవే అయినావు కదమ్మా!" అన్నారు.

ఆయన నన్ను తిట్టిన తిట్టు అదొక్కటే. ఇప్పటికీ మండుతుంది.

ఆ రోజే తెల్లకాగితం తీసుకొని మూడు వాక్యాలు రాశారు. పెన్సిలు వాడలేదు, రబ్బరు వాడలేదు. మరునాడు నన్ను వెంటబెట్టుకొని యూనివర్సిటీకి పోయి కిటికీలో ఇచ్చారు. గుమాస్తా చదివి నోరు తెరిచాడు.

"ఏం సార్, మీమీద మీరే రాసిచ్చుకుంటాండారా?"

"తప్పు రాసింది నేనైతే దిద్దేదానికి ఇంకొకరు వస్తారా? కాపీ మీద సీలెయ్యప్పా."

కొత్త మార్కుల మెమో వచ్చింది. తీసుకుపోయి చూపిస్తే, "కవరు యాడ?" అని అడిగారు ముందుగా. పోయిన నోటిఫికేషన్ ఎటూ పోయింది. తర్వాతిది రాగానే దరఖాస్తు పెట్టాను. పోయినదానికి సారు మీద నాకు కోపం ఉండేది, ఇప్పుడూ కొంచెం ఉంది. ఆయన రుణం మాత్రం తీరేది కాదు. రెండూ నిజమే.

కర్మ అయిన మరుసటి వారం అమ్మను చూడటానికి పోయాను. ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. యూనివర్సిటీ నుంచి, సారు పేరు మీద.

"నిన్న వచ్చింది పాపా. విప్పేదానికి నాకు చేతులు రాలేదు."

ఆయన ఏం అడిగారో సారు ఫైల్లో దొరికింది. సీలు పడిన కాపీ. హిందూపురం కేంద్రంలో తాను డ్యూటీ చేసిన రోజులన్నిటివీ సంతకాల షీట్లు, తాను సంతకం చేసిన గైర్హాజరు జాబితాలు. నాతో ఒక్క మాట అనలేదు. అమ్మతో మాత్రం అన్నారట, "ఒక నంబరు తప్పు రాసిన చెయ్యి ఇంకెన్ని రాసిందో. ఈ పాప కొట్లాడింది. ఖర్మ అనుకొని చదువు మానేసిన పిల్ల ఎవరన్నా ఉంటే?" అని.

"ఇప్పుడు ఇంకా తప్పులు బయటపడితే ఆయన పేరేం గావల్ల? లోపల పెట్టేద్దామా?" అంది అమ్మ. పెట్టేద్దామనే అనబోయాను. ఆయన తిట్టు గుర్తొచ్చింది. ముందు పోస్టాఫీసు ముద్ర చూసి, కవరు చించాను.

దస్తా మందాన కాగితాలు. ప్రతి షీట్లోనూ సంతకాల వరుస మీద పైనుంచి కిందిదాకా ఒకటే నల్ల పట్టీ. వచ్చిందెవరో రానిదెవరో దేవుడికి కూడా తెలియదు. ప్రతి జాబితా అడుగునా, అధికారి సంతకం చోట, నల్లటి ముద్ద. మూడో వ్యక్తుల వివరాలు కప్పి ఇస్తున్నామని పైన ఉత్తరం. అడిగింది ఆయన, సంతకం ఆయనది. దానిమీదే సిరా పూసి ఆయనకు పంపారు. నాకు నవ్వొచ్చింది, దాని వెనకాలే ఏడుపొచ్చింది. ఆ గదిలో ఆయన ఉంటే రబ్బరు నేలకేసి కొట్టేవారు.

ఈ చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. సారు బల్లమీది పెన్సిలు తీసుకొని నా పేరుతో కొత్త అర్జీ మొదలుపెట్టాను. తేదీ, గది, షీటు. దండాలు పెట్టలేదు. తలెత్తి చూస్తే అమ్మ ఒక కాగితం తీసుకుపోయి కిటికీ దగ్గర ఎండకు ఎత్తిపట్టుకొని నిలబడి ఉంది, అచ్చం సారు లాగే కళ్లు చికిలించి.

"ఏమన్నా కనపడతాందామ్మా?"

"లేదు పాపా. చానా మందంగా పూసినారు" అంది. కాగితం మాత్రం దించలేదు.