గీజరు బాగుచేసింది నేనే

పదకొండేళ్లుగా ఒక మనిషి నోరు మూయించి బతుకుతున్నాను. ఆ మనిషి ఇంకా ఉన్నాడు. పోయి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడినేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనిపించినందుకు నా మీద నాకే రోత పుడుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో బాయిలర్ నడుపుతాను. వడ్లు ఉడకబెట్టడానికి ఊకతో మంట పెట్టి ఆవిరి పుట్టిస్తాం. పనిలో చేరిన మొదటి రోజే మా పెద్ద ఆపరేటర్ ఒక్క సంగతి చెప్పాడు, సేఫ్టీ వాల్వు జోలికి పోవద్దని. లోపల ఆవిరి ఎక్కువైతే దానంతట అదే తెరుచుకుని బయటికి వదిలేది ఆ వాల్వు. దాన్ని మూస్తే బాయిలర్ బాంబే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని అనడానికి నాకు దారి లేదు. అలా అనుకుని నన్ను జాలిగా చూసే అవకాశం మీకూ ఇవ్వదలచుకోలేదు.

మా ఇంట్లో గీజరు పాతది. పెళ్లయిన కొత్తలో నేనే తెచ్చి, నేనే గోడకు బిగించాను. పదకొండేళ్ల కిందటి చలికాలంలో దాని కింద ఉన్న వాల్వు నుంచి నీళ్లు కారడం మొదలైంది. మొదట చుక్కలు. తర్వాత ఆవిరితో కలిసి బుస్సుమని చిమ్మేవి. నా భార్య పద్మ మార్చేద్దామంది. ఆమె తమ్ముడికి కోదాడలో కరెంటు సామాన్ల షాపు ఉంది. కొత్త గీజరు తానే పంపిస్తానని అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. అంత పెద్ద బాయిలర్ నడిపేవాడు ఇంట్లో గీజరు బాగుచేసుకోలేక బామ్మర్ది ముందు చెయ్యి చాచాడంటారు కదా. ఎవరంటారు? ఎవరూ అనరు. నాలో నేనే అనుకుని, నాలో నేనే రోషపడ్డాను.

పద్మ నాలుగు రోజులు కోదాడ వెళ్లింది. ఇంట్లో నేనొక్కడినే. మా వీధి చివర సైదులు అని ఒక మెకానిక్ ఉండేవాడు. త్రిపురారం నుంచి వచ్చి చిన్న షాపు పెట్టుకున్నాడు. మోటార్లు, ఫ్యాన్లు, గీజర్లు బాగుచేసేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. అన్నా అని పిలిచేవాడు. అతన్ని పిలిపించాను. గీజరు మూత విప్పి, లైటు పెట్టి చాలాసేపు చూశాడు. అప్పుడతను అన్న మాటల్లో ఒక్కటి కూడా నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఇగ ఇది రిపేరుకు రాదన్నా. లోపల ట్యాంకు మొత్తం తుప్పు వట్టింది. థర్మోస్టాట్ కూడా పోయింది. నీళ్లు మరిగినా కరెంటు బంద్ అయితలేదు. గా వాల్వు నుంచి ఆవిరి పోతుంది కాబట్టి మీరు బతికిన్రు."

"ఆ కారేదొక్కటి ఆపు చాలు. మిగతాది నేను సూసుకుంట."

"కారేది ఆపితే పేలుతదన్నా. నీకు తెల్వదా?"

"నాకు బాయిలర్ సంగతి నేర్పుతున్నవా?"

సైదులు నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. వైర్లు పీకేసి, కొసలకు టేపు చుట్టాడు. "కొత్తది తెచ్చుకో, ఒక్క గంటల బిగిస్త. అప్పటిదాక స్విచ్ ముట్టకు. వదినెకు కూడ చెప్పు," అని పోయాడు.

అతను వీధి మలుపు తిరిగేలోపే నేను మళ్లీ స్టూలు ఎక్కాను. వైర్ల టేపు విప్పి కలిపాను. వాల్వు మూతికి ఒక ఇత్తడి మూత పెట్టి, దారం చుట్టి, పానాతో గట్టిగా బిగించాను. కారడం ఆగింది. కింద నిలబడి చూసుకుంటే గర్వంగా అనిపించింది. అవును, గర్వమే. ఇందులో వేరే పేరేమీ వెతకను.

నేను మూత బిగించిన మూడో రోజు పొద్దున పద్మ కోదాడ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. వస్తుందని తెలిసి నేనే స్విచ్ వేసి ఉంచాను. చలిలో వచ్చిన మనిషికి వేడినీళ్లు సిద్ధంగా ఉండాలని. ప్రేమతోనే వేశానా? వేశాననే అనుకుంటాను. బాగుచేశాను చూడు అని చూపించుకోవడానికి కూడా వేశాను. ఆమె బాత్రూమ్ తలుపు వేసుకుంది. నేను అరుగు మీద టీ తాగుతున్నాను.

ఆ చప్పుడు చెవులతో విన్నట్టు లేదు, ఛాతీ మీద గుద్దినట్టయింది. బాత్రూమ్ తలుపు ఊడి వచ్చి వసారాలో పడింది. గోడ సగం కూలింది. లోపల తెల్లటి ఆవిరి తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిరిలోంచి పద్మ అరుపు వచ్చింది. దుప్పటి కప్పి బయటికి లాగినప్పుడు కుడి భుజం మీది చర్మం నా అరచేతికి అంటుకుని వచ్చేసింది. మెడ, వీపు, కుడి చెవి మరిగిన నీళ్లకు ఉడికిపోయాయి. ఇనుప రేకు ముక్క ఒకటి నడుములో దిగి ఉంది. అన్నం పెట్టిన మనిషిని అలా చూశాను.

దవాఖానలో అందరూ ఒకే మాట అడిగారు, ఎట్లయిందని. నేను అన్నాను: "మొన్ననే సైదులు వచ్చి సూసి పోయిండు." ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

మధ్యాహ్నానికి బామ్మర్ది వచ్చాడు. అక్కను చూసి గోడకు తల కొట్టుకున్నాడు. "వాడు చెయ్యి పెట్టి వెళ్లాకే పేలిందా బావా?" అన్నాడు. నేను తల ఊపాను. అంతే చేశాను. ఇద్దరం కలిసి సైదులు షాపుకు వెళ్లాం. దారిలో ఎక్కడైనా ఆపి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ దారి చిన్నదేమీ కాదు.

సైదులు మోటారు విప్పుతూ కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. బామ్మర్ది చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. సైదులు అతనికి ఎదురుతిరగలేదు. నా వైపు చూశాడు. "అన్నా, వైర్లు నేను పీకిన గదా. నువ్వు మళ్ల..."

బల్ల మీదున్న పానా తీసి ఆ నోటి మీద కొట్టాను.

ముందు పళ్లు విరిగాయి. రక్తం నా చొక్కా మీద పడింది. మళ్లీ నోరు తెరవబోతే మళ్లీ కొట్టాను. జనం గుమిగూడారు. భార్య కోసం మనిషి పిచ్చెక్కి కొడుతున్నాడని అనుకున్నారు, కొందరు నా వైపే మాట్లాడారు కూడా. బామ్మర్దిది నిజమైన కోపం. నాది భయం. కానీ కొడుతున్నకొద్దీ ఆ భయం తగ్గి, చేసింది వీడేనని నేనే నమ్మడం మొదలుపెట్టాను. దెబ్బదెబ్బకూ నమ్మకం పెరిగింది. ఒక దశలో హాయిగా కూడా ఉంది. దాన్ని దాచను.

బామ్మర్ది అతని కుడిచేతిని గడప మీద తొక్కి పట్టాడు. నేను షట్టర్ కిందికి లాగాను. ఎముకలు నలిగిన చప్పుడుకు బామ్మర్దే భయపడి, "చాలు బావా," అని కాలు తీసేశాడు. షట్టర్ కొంచెం పైకెత్తి రెండోసారి లాగింది నేనొక్కడినే.

సైదులు తర్వాత నిజం చెప్పకపోలేదు. నలుగురైదుగురికి చెప్పుకున్నాడట. ఎవరూ నమ్మలేదు. బాయిలర్ నడిపే మనిషి వాల్వు మూస్తాడా అన్నారు. మా మీద కేసు పెడితే పద్మను చంపబోయాడని అతని మీదే కేసు పెడతామని నేను కబురు పంపాను. అతను పెట్టలేదు. మూడు వేళ్లు మడవలేని చేతితో స్క్రూడ్రైవర్ పట్టుకోలేక, కొన్ని నెలలకు షాపు తీసేసి ఎటో వెళ్లిపోయాడు. కూలిన గోడ శిథిలాల్లో దొరికిన ఇత్తడి మూతను నేను సాగర్ ఎడమ కాలువలో పారేశాను. పద్మ బతికింది. కుడి చెవి వినపడదు. ఆ భుజం పైకి లేవదు. జడ వేసుకోలేని ప్రతిసారీ సైదులును శపిస్తుంది. పక్కనే కూర్చుని వింటాను. ఎన్ని శాపాలు విన్నానో!

మొన్న సూర్యాపేటలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. ఫంక్షన్ హాలు ముందు బండ్లు వరసగా పెట్టిస్తున్న మనిషి ఎడమచేత్తో టోకెన్ ఇచ్చాడు. సైదులు. ముందు పళ్లు లేవు, జుట్టు నెరిసింది. పద్మ గుర్తుపట్టింది. చెప్పు తీసి అతని చెంప మీద కొట్టింది. "నన్ను కాల్చి నువ్వు మంచిగ తిరుగుతున్నవా?" అంది. జనం ఆగి చూస్తున్నారు. సైదులు దెబ్బ తుడుచుకోలేదు. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. చెప్పడానికి నాకు ఎంత సమయం కావాలో అంతా ఇచ్చాడు. నేను నేల చూశాను.

అప్పుడతను పద్మ వైపు తిరిగి, "తప్పయింది వదినె," అన్నాడు.

నేను పద్మ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను. భోజనం కూడా చేశాను. పప్పు బాగుందని పక్కవాళ్లతో అన్నాను.

ఆ రోజు నుంచి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అతను ఎందుకలా అన్నాడు? మళ్లీ కొడతానని భయపడ్డాడా? నన్ను కాపాడాడా? లేక ఇక నాతో మాట్లాడేదేమీ లేదని చెప్పాడా? అడగడానికి నాకు మొహం లేదు. పద్మకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట కూడా ఇవ్వలేను. ఇన్నేళ్లలో నా మాట విలువెంతో నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు.

వైర్లు కలిపింది నేను. వాల్వు మూసింది నేను. స్విచ్ వేసింది నేను. వద్దన్నవాడి నోరు పగలగొట్టింది నేను. రాసి మళ్లీ చదువుకున్నాను. ఒక్క మాట కూడా కొట్టేయలేదు. ఊపిరి కొంచెం లోపలి దాకా పోతోంది.