చెంచయ్య వంతు

మా అన్న చెంచయ్య ఈల వేస్తే పులికాట్ సరస్సులో అవతలి పడవవాళ్ళు తలతిప్పి చూసేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ ఆయనకు ఎడమ చెవి కారుతుండేది. ఆయనకు నలభై దాటాక నేనే నెల్లూరులో ఆపరేషన్ చేయించాను. కర్ణభేరికి పొర అతికించి, మూడు నెలలు చెవిలో చుక్క నీళ్ళు పడకూడదన్నారు.

ఇరవయ్యో రోజున వంతు వచ్చింది. రొయ్యలు పడే చోట వల కట్టడానికి మా ఊళ్ళో ఇంటికొక రోజు. ఆ రోజు ఇంటి మగమనిషి నీళ్ళలోకి దిగకపోతే వంతు పోయినట్టే. టౌన్లో టీచరుగా ఉన్న నాకు అన్న ఫోన్ చేశాడు.

"అయ్యోరా, ఈ ఒక్కరోజు నువ్వు దిగతావా? ఈత మర్చిపోయుంటే నడుముకి తాడు కట్టిస్తాలే."

"పరీక్షల డ్యూటీ ఉందన్నా."

డ్యూటీ లేదు. రొయ్యలు కొనడానికి గట్టు మీదికి వచ్చేవాళ్ళలో మా బడి పిల్లల తండ్రులుంటారు. నన్ను గోచీతో చూస్తారని భయం. ఆ రోజంతా ఇంట్లో పేపరు చదువుతూ కూర్చున్నాను. అన్న చెవిలో దూది కుక్కుకుని దిగాడు.

రెండు నెలలకు చీము మళ్ళీ మొదలై చెవి వెనక ఎముకకు పాకింది.

"నీళ్ళు పోయినాయా?" డాక్టరు అడిగాడు.

అన్న నావైపు చూడలేదు. "తలకి పోసుకున్నా సార్, బుద్ధి లేక."

"రెండోసారి కోసేటప్పుడు లోపల గుర్తులన్నీ చెదిరి ఉంటాయి. మొగాన్ని కదిలించే నరం అక్కడే ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే మూతి వంకర పోవచ్చు. వదిలేస్తే చీము మెదడుకి ఎక్కుతుంది."

"మా పేరమ్మ నా మూతి చూసి చేసుకోలేదులే సార్," అని అన్న వేలిముద్ర వేశాడు. కింద సాక్షి సంతకం నాది.

చెవి ఆరింది. ఎడమవైపు మొగం జారిపోయింది. ఆ కన్ను మూతపడక, పడుకునేటప్పుడు వదిన తడిగుడ్డ కప్పేది. ఈల వెయ్యబోతే వట్టి గాలే వచ్చేది. ఈలకు బదులు పడవలో పళ్ళెం పెట్టుకుని గరిటెతో మోగించేవాడు. తొమ్మిదేళ్ళూ ఆ ఫోను సంగతి ఎత్తలేదు. నిజం చెబుదామని నేను రెండుసార్లు ఊరికి పోయి, చేపల కూర తిని వచ్చాను.

మొన్న వేసవిలో గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ ఫ్లెక్సీకి నేను ఆపరేషన్‌కు ముందటి ఫోటో ఇచ్చాను. వదిన దాన్ని చాలాసేపు చూసింది.

"ఇదెందుకిచ్చినావబ్బయా? తొమ్మిదేళ్ళు నాతో అన్నం తిన్న మొగం ఇది కాదు గదా."

"నలుగురూ చూస్తారని, వదినా."

"చూడనీ."

మార్పించాను. కర్మనాడు ఆ వంకర మూతి ఫోటో కిందే భోజనాలు వడ్డించాను. మొగం ఎందుకట్లయిందని ఎవరో అడిగారు.

"ఆపరేషన్ తేడా కొట్టింది," అన్నాను.